డోనెగాల్ ఇంటి డైరీ: మైకా దిమ్మెలు, సర్కారు గ్రాంటు, పునాది గొడవ

ఐర్లండ్‌కు వాయవ్య మూలన డోనెగాల్ కౌంటీ. అందులో లెటర్‌కెన్నీ ఊరి శివారులో మా ఇల్లు. 2006లో కట్టిన ఇల్లు, మేం 2013లో కొన్నాం. ఇళ్ల ధరలు బాగా పడిపోయిన రోజులవి. ఇప్పుడు దాన్ని మొత్తం పడగొట్టి మళ్లీ కడుతున్నాం. గోడల్లోని సిమెంటు దిమ్మెలు గుల్లబారిపోవడమే కారణం. ఖర్చులో పెద్ద వాటా ఐరిష్ ప్రభుత్వం భరిస్తోంది. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఇంకొందరికి గోడలు బీటలివ్వడం మొదలైంది, "ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఫోన్లు వస్తున్నాయి. ఒక్కొక్కరికి మొదటినుంచి చెప్పడం కుదరడం లేదు కాబట్టి నా నోట్‌బుక్‌లో ఉన్నదాన్ని కాస్త సరిచేసి ఇక్కడ పెడుతున్నాను.

2023 జులై: బీటలు

ఇక్కడ బయటి గోడను రెండు పొరలుగా కడతారు. ఒక్కో పొర 100 మిల్లీమీటర్ల మందం దిమ్మెలు, మధ్యలో కొంత ఖాళీ, అందులో ఇన్సులేషన్. వానా మంచూ ఈదురుగాలీ ముందు తగిలేది బయటి పొరకే. మా ఇంట్లోనూ పడమటి గోడ మీదే మొదలైంది. కిటికీ మూలల నుంచి వెంట్రుకవాసి గీతలు. రంగు వేయించాం, మరుసటి చలికాలానికి మళ్లీ తేలాయి. ఆ తర్వాత మూలల్లో నిలువునా చీలాయి, పూత ఉబ్బింది, ఒకచోట పెచ్చు ఊడింది. లోపలి దిమ్మెను తాళంచెవితో గీకితే బూడిదరంగు పొడి రాలింది. ఇక్కడివాళ్లు ఈ దిమ్మెలను "వీటాబిక్స్" అంటారు, పాలల్లో వేసుకు తినే ఆ గోధుమ బిస్కెట్ల పేరు. మొదటిసారి విన్నప్పుడు వెటకారం అనుకున్నాను కానీ చేత్తో నలిపి చూశాక మారు మాట్లాడలేదు.

ఇదంతా మైకా పని అని నాన్నకు ఫోన్‌లో చెప్తే, "ఏందిరా, మన అభ్రకమేనా?" అన్నాడు. మాది గూడూరు. వయసులో ఉన్నప్పుడు ఆయన అభ్రకం కంపెనీలో లెక్కలు రాసేవాడు. పలకలు పలకలుగా ఊడివచ్చే ఆ ఖనిజాన్ని ఎంత శుభ్రంగా చీలిస్తే అంత ధర. ఇక్కడి బాధ కూడా అదే ఖనిజం, మస్కోవైట్ మైకా. కాకపోతే ఇక్కడ అది క్వారీ రాయిలో సన్నటి రజనుగా కలిసిపోయి కంకరతోపాటు దిమ్మెల్లోకి వచ్చేసింది. రజను నీటిని పీల్చుకుంటుంది, సిమెంటును గట్టిగా పట్టుకోనివ్వదు. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి కరిగిన ప్రతిసారీ దిమ్మె ఇంకాస్త వదులవుతుంది.

2023 ఆగస్టు: దరఖాస్తు

పథకం చరిత్ర కొంచెం తెలిస్తేనే కాగితాలు అర్థమవుతాయి. 2017లో నిపుణుల కమిటీ నివేదిక వచ్చింది. డోనెగాల్‌లో మైకా, మేయో కౌంటీలో పైరైట్ అనే ఖనిజం ముఖ్య కారణాలని అది చెప్పింది. 2020లో తొలి పథకం పెట్టారు. ఖర్చులో 90 శాతం ప్రభుత్వానిది, 10 శాతం ఇంటివాళ్లది. వినడానికి బాగానే ఉంది కానీ పరీక్షల కోసమే ముందుగా వేల యూరోలు చేతి నుంచి పెట్టాలి. చాలామంది ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. 2021లో జనం బస్సుల్లో డబ్లిన్‌కు వెళ్లి ఊరేగింపులు చేశారు, నూటికి నూరు శాతం ఇవ్వాలని. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం 220 కోట్ల యూరోల అంచనాతో కొత్త పథకం ప్రకటించింది. 2022లో చట్టం చేసి, 2023 జులైలో తలుపులు తెరిచారు. డోనెగాల్, మేయోలతోపాటు క్లేర్, లిమరిక్ లాంటి కౌంటీలనూ చేర్చారు.

కొత్త పథకంలో నాకు నచ్చిన మార్పు ఒకటే, అది చిన్నదేం కాదు. దరఖాస్తుకు కావలసింది ఇంజినీరు రాసిచ్చే ఇంటి పరిస్థితి నివేదిక మాత్రమే. దిమ్మెలు కోసి ల్యాబుకు పంపే ఖరీదైన పని హౌసింగ్ ఏజెన్సీ తరఫున, ప్రభుత్వ ఖర్చుతో జరుగుతుంది. దరఖాస్తు ఇవ్వాల్సింది మాత్రం కౌంటీ కౌన్సిల్‌కు.

ఇల్లు ఎప్పుడు కొన్నారన్నది జాగ్రత్తగా చూసుకోండి. 2020 జనవరి తర్వాత, దిమ్మెల లోపం తెలిసి గానీ, తెలిసి ఉండాల్సిన పరిస్థితిలో గానీ కొన్నవాళ్లకు గ్రాంటు రాదు. "చవగ్గా వస్తోంది, గ్రాంటు కొట్టి కట్టుకుందాం" అని నన్ను సలహా అడిగిన ఒక తమ్ముడికి ఇదే చెప్పాను. అసలు అలాంటి ఇంటి మీద బ్యాంకు అప్పే ఇవ్వదు.

2023 అక్టోబరు: ఇంజినీరు వచ్చాడు

ఎవరో ఒక ఇంజినీరు చాలదు. ఈ పని కోసం ఇంజినీర్స్ ఐర్లండ్ సంస్థ ఒక రిజిస్టరు నిర్వహిస్తోంది, అందులో పేరున్నవాళ్లే రాయాలి. మాకు దొరికిన ఇంజినీరు టేపు, పగుళ్ల వెడల్పు కొలిచే పారదర్శక స్కేలు, టార్చి పట్టుకొచ్చి పొద్దంతా ఇల్లు చుట్టాడు. ప్రతి బీటకూ నంబరు, ఫొటో, వెడల్పు. అటకెక్కి, పూత పూయని లోపలి దిమ్మెలనూ చూశాడు. చివర్లో నేను అడిగిందానికి ఆయన చెప్పిన జవాబు చుట్టూనే ఈ డైరీ మిగతా అంతా తిరుగుతుంది.

"కింద పునాది సంగతేంటి?" అన్నాను.

"నా ఫారంలో ఆ గడి లేదు" అన్నాడు.

2024 వసంతం: కోర్లు

డ్రిల్లుతో గోడ నుంచి గుండ్రటి ముక్కలు కోశారు, వీటినే కోర్లంటారు. బయటి పొర, లోపలి పొర, నేలకు ఆనుకుని ఉండే అడుగు వరసలు, అన్నిటి నుంచీ తీశారు. కొన్నిచోట్ల ముక్క నిలవనే లేదు, డ్రిల్లు నీళ్లతో కలిసి బురదగా బయటికొచ్చింది. అది కూడా ఫలితమేనని రాసుకున్నారు. ల్యాబులో పలుచటి రేకుగా అరగదీసి మైక్రోస్కోపు కింద ఖనిజాలు చూస్తారు, మొత్తం గంధకం ఎంతో కొలుస్తారు.

ఈ ఎదురుచూపుల కాలంలో నేను చదివిన వాటిలో ముఖ్యమైనది 2023లో వచ్చిన ఒక పరిశోధన పత్రం. స్విట్జర్లాండ్‌లోని ఎంపా ప్రయోగశాల, పక్కనే ఉత్తర ఐర్లండ్‌లోని అల్‌స్టర్ యూనివర్సిటీ వాళ్లు కలిసి డోనెగాల్ దిమ్మెలను పరీక్షించారు. మైకా ఉంది, సందేహం లేదు. అయితే దిమ్మెను లోపలి నుంచి పగలగొడుతున్నది పైరొటైట్ అని వాళ్ల వాదన. ఇది ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. గాలి, తేమ తగిలితే తుప్పుపట్టి సల్ఫేటు వదులుతుంది. ఆ సల్ఫేటు సిమెంటుతో కలిసి కొత్త స్ఫటికాలు పుట్టి ఉబ్బుతాయి, కాంక్రీటు చీలుతుంది.

ఈ రసాయనశాస్త్రం ఇంటివాడికెందుకు అంటారా? దీని మీదే డబ్బు ఆధారపడి ఉంది. నేరం మంచుదైతే వానకు తడిసే బయటి పొర మారిస్తే చాలు. లోపలి గోడకూ, నేలలో ఉన్న పునాదికీ పెద్ద భయం లేదు. నేరం పైరొటైట్‌దైతే అదే క్వారీ కంకర పడిన ప్రతిచోటా, తేమ ఉన్నచోటల్లా ఈ రోగం వచ్చే అవకాశం ఉంది. పునాదికి తేమ లోటా? అప్పుడు ఇంజినీర్లు పాటిస్తున్న ప్రమాణం ఐ.ఎస్. 465 అయితే 2018 నాటిది, అంటే అందరూ మైకానూ పైరైట్‌నూ మాత్రమే తప్పుపడుతున్న కాలంలో రాసింది.

కనెక్టికట్‌లో ఉన్న మా బావమరిదికి ఇది చెప్తే, వాళ్ల రాష్ట్రం ఈశాన్య భాగంలో అచ్చంగా ఇదే కథ అన్నాడు. అక్కడ దెబ్బతిన్నవి పునాదులే. ఇంటిని జాకీల మీద ఎత్తి కింద పునాది తీసేసి కొత్తది పోస్తారు. అందుకోసం ఇంటి బీమా పాలసీ ఒక్కింటికి ఏడాదికి 12 డాలర్ల సర్‌ఛార్జి పెట్టి నిధి పోగేశారు. అట్లాంటిక్‌కు అటువైపు పునాది కోసమే పథకం పెడితే, ఇటువైపు పునాదికి ఫారంలో గడి కూడా లేదు.

2024 అక్టోబరు: నిర్ణయం వచ్చింది

మొత్తం ఐదు రకాల పరిష్కారాలు ఉంటాయి. మొదటిది, ఇల్లంతా పునాది మట్టం దాకా పడగొట్టి కట్టడం. రెండు, మూడు నంబర్లలో బయటి గోడల రెండు పొరలూ తీస్తారు, ఎంత లోతు దాకా అన్నదే తేడా. నాలుగోది బయటి పొర మాత్రం. ఐదోది దెబ్బతిన్న గోడల బయటి పొర మాత్రం. మాకు మొదటిది వచ్చింది. మా వీధిలోనే ఇంకో ఇంటికి నాలుగోది వచ్చింది, వాళ్లు అప్పీలుకు వెళ్లారు. నేనైనా వెళ్లేవాణ్ని. 2 నుంచి 5 దాకా వచ్చినవాళ్లకు 40 ఏళ్ల లోపు మళ్లీ దెబ్బతింటే రెండో గ్రాంటు అడిగే హక్కు ఉంది. కానీ ఇంట్లో ఉంటూ నలభై ఏళ్లు గోడలు తడుముకుంటూ కూర్చోవడం ఎవరికి ఇష్టం?

గ్రాంటు లెక్క ఇలా. ఇంటి విస్తీర్ణాన్ని చదరపు అడుగు రేటుతో గుణిస్తారు. రేట్లకు ఆధారం ఐర్లండ్ చార్టర్డ్ సర్వేయర్ల సంఘం వేసిన నిర్మాణ ఖర్చుల లెక్క. ఎంత పెద్ద ఇల్లయినా పైపరిమితి ఒకటి ఉంది. 4,20,000 యూరోలుగా ఉన్న ఆ పరిమితిని 2024లో 10 శాతం పెంచి 4,62,000 చేశారు. ఈ పరిమితిలోనే అద్దె ఇంటికి, సామాను గోడౌన్‌కు, అత్యవసర మరమ్మతులకు కలిపి 25 వేల దాకా ఇస్తారు.

మా ఇల్లు 1,900 చదరపు అడుగులు. మూడు కొటేషన్లు తీసుకున్నాం. నమ్మకం కుదిరిన మేస్త్రీ చెప్పిన ధరకూ గ్రాంటుకూ మధ్య తేడా దాదాపు 45 వేల యూరోలు, పునాది కాకుండానే. విడిగా ఉన్న గ్యారేజీ, ప్రహరీ, వాకిట్లో వేసిన తారు, ఇవేవీ గ్రాంటులోకి రావు. గ్యారేజీకి వాడినవీ అవే దిమ్మెలు. "నూరు శాతం పరిహారం" అని పేపర్లలో చదివి ధైర్యంగా ఉన్నవాళ్లు ముందు ఈ పేరా రెండుసార్లు చదువుకోండి.

ఇంకొకటి. 2023 సెప్టెంబరు నుంచి కాంక్రీటు సరుకు మీద ప్రభుత్వం 5 శాతం లెవీ వేసింది, ఈ పథకం ఖర్చు కొంత రాబట్టడానికి. మొదట 10 శాతం అన్నారు, గొడవైతే సగానికి తగ్గించారు. అంటే పాడైన దిమ్మెల ఇల్లు పోగొట్టుకుని, కొత్త దిమ్మెలు కొనేటప్పుడు పాత దిమ్మెల పన్ను నేను కూడా కడతాను. మా పక్కింటి పెద్దాయనకు బీరు గ్లాసు పట్టుకున్నప్పుడల్లా ఇదే పాట.

2025 జనవరి: తుపాను

24వ తేదీన ఎయోవిన్ తుపాను. గాల్వే దగ్గర మేస్ హెడ్‌లో గంటకు 183 కిలోమీటర్ల గాలి, ఐర్లండ్‌లో అంతకుముందెప్పుడూ నమోదు కాని వేగం. అప్పటికి మేం ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాం. రెడ్ అలర్ట్ అని ముందురోజే తెలుసు కాబట్టి పడమటి గదులు ఖాళీ చేసి, పిల్లలతో తూర్పు గదిలో పడుకున్నాం. గోడ నిలిచింది. చిమ్నీ చుట్టూ పూత మాత్రం పెద్ద చెక్కగా ఊడి పెరట్లో పడింది. మా ఆవిడ హాస్పిటల్‌లో నర్సు, ఆ రాత్రి డ్యూటీలో ఉంది. పొద్దున వచ్చి ఆ చెక్కను చూసి, "అద్దె ఇల్లు ఎంతైనా సరే, చూడు" అంది.

చూడమంటే దొరకాలిగా. పడగొట్టే ఇళ్లవాళ్లంతా అద్దె ఇళ్ల కోసమే తిరుగుతున్నారు, పైగా లెటర్‌కెన్నీలో కాలేజీ పిల్లలు. పిల్లల బడి మారకుండా ఉండే ఇల్లు దొరకడానికి మార్చి పట్టింది. ఇంటి అప్పు వాయిదా, అద్దె, రెండూ ఒకే నెలలో కట్టడం ఎలాగో లెక్క వేసుకున్నాకే కదలండి.

2025 ఏప్రిల్: పునాది

మా సొంత డబ్బుతో పునాది నుంచి కోర్లు తీయించాం. గోడ పక్కన నాలుగుచోట్ల గొయ్యి తవ్వి, పునాది పట్టీ కనిపించేదాకా వెళ్లి కోశారు. చేతికి గట్టిగానే ఉన్నాయి. ఇంటికొచ్చిన బంధువెవరైనా "ఇంత గట్టి పునాది తీసేస్తారా, పిచ్చా" అనే అంటాడు. ల్యాబు కాగితం వేరేగా చెప్పింది. పైరొటైట్ ఉంది, మొత్తం గంధకం పరిమితికి మించి ఉంది.

ఆ పరిమితి ఏమిటో చెప్తాను, కొత్త కాంక్రీటు కొనేటప్పుడూ పనికొస్తుంది. యూరప్‌లో కంకరకు ఈ.ఎన్. 12620 అనే ప్రమాణం ఉంది. మామూలు కంకరలో మొత్తం గంధకం 1 శాతం దాకా ఉండొచ్చు. పైరొటైట్ ఉందని తెలిస్తే మాత్రం 0.1 శాతం మించకూడదు. పదో వంతు! ఆ ఖనిజం అంటే ప్రమాణం రాసినవాళ్లకే అంత భయం.

రాత్రంతా నాకూ మా ఆవిడకూ తర్జనభర్జన. ఉంచితే 20 వేలకు పైగా మిగులుతుంది. ఇప్పటికి గట్టిగానే ఉంది, ఇంకో ముప్పై ఏళ్లు ఉండొచ్చు. తీస్తే ఆ డబ్బు ఎవరూ ఇవ్వరు. మొదటిది తనమాట, రెండోది నా సొంత పిరికితనం. ఆఖరికి నాన్న తేల్చాడు: "పైన కొత్త ఇల్లు కట్టి కింద పాత రోగం పెట్టుకుంటారా? గూడూరు స్థలం అమ్మేదే కదా, ఎప్పుడైతే ఏం." ఆ స్థలం అమ్మించలేదు, క్రెడిట్ యూనియన్‌లో అప్పు తీసుకున్నాం. పునాది తీసేయాలనే నిశ్చయించాం. అందరూ ఇలాగే చేయాలని కాదు. మీ పునాది కాగితం మీరు చూడకుండా పైన గోడలు లేపొద్దని మాత్రం గట్టిగా అంటాను, ఎందుకంటే కట్టాక చూడటానికి వీలుండదు.

2025 జూన్: పడగొట్టడం

కిటికీలు, రేడియేటర్లు, వంటింటి అరలు విప్పి దాచాం. పైకప్పు పలకలు ఏరి పక్కన పెట్టారు, పగలనివి మళ్లీ వాడుకోవచ్చు. తర్వాత ఎక్స్‌కవేటర్ వచ్చింది. గోడను గుద్దాల్సిన పనే లేకపోయింది, ఆనించి నెడితే కూలింది. శిథిలాలను అనుమతి ఉన్న కేంద్రానికే పంపాలి, రసీదులు దాచాలి.

2025 జులై, ఆగస్టు: కొత్త పునాది

ఈసారి ప్రతి లారీ కాంక్రీటుకూ కాగితం అడిగాం. ఏ క్వారీ కంకర, గంధకం ఎంత, ఖనిజ పరీక్ష ఎప్పుడు చేశారు. ఒక సప్లయరు విసుక్కున్నాడు, అతన్ని వదిలేశాం. ఇంకొకడు అడగకముందే ఫైలు తెచ్చి ఇచ్చాడు. పోయడానికి ముందు మా మేస్త్రీ ఐదు నిమిషాలు టోపీ తీసి పక్కన నిలబడ్డాడు, మేం పసుపు కుంకుమ, నవధాన్యాలు వేసి కొబ్బరికాయ కొట్టాం. కొబ్బరి ముక్క పెడితే తిని, ఇంకో ముక్క అడిగి తీసుకున్నాడు.

నేలలోంచి ఇంట్లోకి వచ్చే రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు కోసం నేల కింద ప్లాస్టిక్ పొర, గొట్టం కూడా పెట్టాలి. గొట్టం అయితే ఇక్కడ కొత్త ఇళ్లన్నిటికీ ఉన్న నియమమే.

వాస్తు గొడవ కూడా ఇప్పుడే వచ్చింది. ఉన్నది ఉన్నట్టు కడితే ప్లానింగ్ అనుమతి అక్కర్లేదని చట్టంలో మినహాయింపు ఉంది. బయటి ఆకారం మార్చితే ఆ మినహాయింపు చేజారుతుంది. అత్తగారు వంటిల్లు ఆగ్నేయానికి జరపమన్నారు. బయటి గోడ కదలకుండా లోపలి అడ్డగోడ జరిపి, పొయ్యిని మాత్రం ఆగ్నేయ మూలకు తెచ్చాం. సింహద్వారం ఎక్కడిదక్కడే.

2025 అక్టోబరు: గోడలు

లోపలి పొరకు దిమ్మెలు వద్దనుకున్నాం. ఫ్యాక్టరీలో చేసిన చెక్క ఫ్రేము క్రేనుతో దింపి నిలబెట్టారు. బయటి పొరకు మాత్రం దిమ్మెలే, పరీక్ష కాగితాలు ఉన్నవి. చెక్క ఇల్లంటే నాన్నకు నమ్మకం లేదు, వీడియో కాల్‌లో చూపిస్తే "పందిరి అయిపోయింది, ఇల్లెప్పుడు?" అన్నాడు.

డబ్బు వచ్చే పద్ధతి గురించి. గ్రాంటు ఒకేసారి చేతికి రాదు. పని ఒక దశ పూర్తయ్యాక ఇంజినీరు సంతకం, బిల్లులు, ఫొటోలు పంపితే ఆ దశ సొమ్ము విడుదలవుతుంది. మేస్త్రీకి శుక్రవారం ఇవ్వాలి, గ్రాంటుకు శుక్రవారం తెలియదు. ఒకసారి ఒక బిల్లు మీద తేదీ సరిగ్గా లేదని ఫైలు వెనక్కొచ్చి, పని రెండు వారాలు ఆగింది. కనీసం ఒక దశకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకోకపోతే బీపీ గ్యారంటీ. బిల్లుల్లో 13.5 శాతం వ్యాట్ విడిగా చూపించమని మేస్త్రీకి మొదటిరోజే చెప్పండి.

ప్రస్తుతం

పైకప్పు పడింది. పాత పలకలు చాలావరకు పనికొచ్చాయి, తక్కువైనవి డెర్రీలో దొరికాయి. కరెంటు వైర్లు లాగారు, కిటికీలు బిగించారు. బయటి పూతకు రెండు రోజులు ఎండ, కనీసం పొడి వాతావరణం కావాలి, డోనెగాల్‌లో దానికి ఎవరి సంతకం పెట్టించాలో మాకు తెలియదు. పూత అయ్యాక తర్వాతి దశ బిల్లు. అన్నీ ముగిశాక ఇంజినీరు ఇచ్చే పునరుద్ధరణ సర్టిఫికెట్ ఆఖరి కాగితం, రేపు ఇల్లు అమ్మాలన్నా బ్యాంకు అడిగేది అదే. గ్యారేజీ గోడ మొన్న ఇంకాస్త ఒరిగింది. దాన్ని వచ్చే ఏడు మేమే పడగొట్టుకుంటాం, అప్పటిదాకా అందులో సైకిళ్లు కూడా పెట్టడం లేదు.